క్రియాటినిన్ చెప్పేది, చెప్పనిది

షుగర్ జబ్బు ఉన్నవాళ్లు ఏడాదికోసారో రెండుసార్లో చేయించుకునే రక్తపరీక్షల్లో సీరం క్రియాటినిన్ తప్పకుండా ఉంటుంది. రిపోర్టులో దాని పక్కన 0.6 నుంచి 1.2 అనో, 0.7 నుంచి 1.3 అనో ఒక పరిధి అచ్చేసి ఉంటుంది. మన అంకె ఆ పరిధిలో పడితే కిడ్నీలకు ఢోకా లేదనుకుంటాం. పడకపోతే ఆ అంకె కింద గీత ఉంటుంది, అప్పుడు కంగారు మొదలవుతుంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: ఆ భరోసా మనం అనుకున్నంత గట్టిది కాదు. టైప్ 2 మధుమేహంలో కిడ్నీలు నిజంగా ఎలా ఉన్నాయో తెలియాలంటే క్రియాటినిన్ అంకెను ఆ మనిషి వయసుతోనూ, ఆడా మగా అన్న తేడాతోనూ కలిపి వడపోత వేగంగా మార్చుకోవాలి. ఆ వేగం ఏడాదికేడాది ఎటు నడుస్తున్నదో గమనించాలి. మూత్రంలో ఆల్బుమిన్ ఎంత పోతున్నదో దాని పక్కన పెట్టుకోవాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే కండతో సంబంధం లేని మరో రక్త సూచికను అడగాలి. ఇవన్నీ ఇప్పటికే వైద్యశాస్త్రం ఒప్పుకున్న సంగతులే. మన రిపోర్టుల్లోకి, మన అలవాట్లలోకి మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు.

ఇది ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి రెండు లెక్కలు చాలు. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. భారత దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి రిజిస్ట్రీ 52,273 మంది వివరాలతో 2012లో వెలువరించిన మొదటి నివేదికలో, తెలిసిన కారణాలన్నిటిలోకీ మధుమేహమే ముందుంది. 31 శాతం మందికి కిడ్నీలు చెడిపోవడానికి అదే మూలం. అంతకన్నా కలవరపెట్టే మాట మరొకటుంది: ఆ రిజిస్ట్రీలో నమోదైన వారిలో దాదాపు సగం మంది, అంటే 48 శాతం, మొదటిసారి నిపుణుల దగ్గరకు వచ్చేసరికే అయిదో దశలో ఉన్నారు. అది డయాలసిస్‌కో కిడ్నీ మార్పిడికో సిద్ధపడాల్సిన దశ. ఏళ్ల తరబడి నెమ్మదిగా నడిచే జబ్బు ఇంత ఆలస్యంగా బయటపడుతున్నదంటే, దాన్ని కనిపెట్టే పద్ధతిలో ఎక్కడో లోపముందనే కదా.

లోపం ఎక్కడుందో చూడాలంటే కిడ్నీ పనితీరు కొంచెం తెలియాలి. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో గ్లోమెరులస్ అనే సన్నని రక్తనాళాల గుత్తి ఉంటుంది. రక్తం అందులోంచి ఒత్తిడితో పోతున్నప్పుడు నీరు, లవణాలు, చిన్న అణువులు వడకట్టుకుని ఇవతలికి వస్తాయి. రక్తకణాలు, పెద్ద ప్రొటీన్లు అవతలే ఉండిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న యువకుడిలో ఈ వడపోత నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు, అంటే రోజుకు 180 లీటర్లు. అందులో లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా పోతుంది, మిగతాదంతా నాళికలు తిరిగి రక్తంలోకి పీల్చేసుకుంటాయి. ఈ వడపోత వేగాన్నే జీఎఫ్‌ఆర్ అంటారు. కిడ్నీ ఆరోగ్యానికి ఇదే మూలమైన కొలత. కొన్ని నెఫ్రాన్లు పోయినా మిగిలినవి ఆ భారాన్ని మోస్తాయి కాబట్టి సగం వడపోత తగ్గేదాకా కూడా మనిషికి నొప్పి, వాపు, ఆయాసం ఏవీ ఉండకపోవచ్చు. ఒంట్లో ఏ బాధా లేదన్నది ఇక్కడ రుజువు కింద పనికిరాదు. కొలిచి తెలుసుకోవడమొక్కటే దారి.

వడపోతను నేరుగా కొలవడం కుదరని పని కాదు. ఇన్యులిన్ వంటి పదార్థాన్ని రక్తంలోకి ఎక్కించి, అది ఎంత వేగంగా బయటికి పోతున్నదో గంటల తరబడి నమూనాలు తీసి లెక్కగడితే నిక్కమైన విలువ వస్తుంది. కానీ కోట్ల మందికి ఏటేటా ఆ పని చేయలేం. అందుకే శరీరం తానే తయారుచేసే ఒక పదార్థాన్ని ఆసరా చేసుకున్నారు. కండరాల్లో క్రియాటిన్ అనే శక్తి పదార్థం ఉంటుంది. అందులో రోజుకు రెండు శాతం లోపు దానంతటదే క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి చేరుతుంది. శరీరానికి దానితో పని లేదు. కిడ్నీలు వడకట్టి పారేస్తాయి. వడపోత తగ్గితే అది రక్తంలో పేరుకుంటుంది. 1886లో మాక్స్ జాఫే అనే జర్మన్ శాస్త్రవేత్త క్రియాటినిన్ క్షార ద్రావణంలో పిక్రిక్ ఆమ్లంతో కలిస్తే నారింజ ఎరుపు రంగు వస్తుందని గమనించాడు. 1904లో ఒట్టో ఫోలిన్ ఆ రంగు గాఢతను కొలిచి మూత్రంలోని క్రియాటినిన్ పరిమాణం చెప్పే పద్ధతి తెచ్చాడు. 1926లో డెన్మార్క్ శరీరధర్మ శాస్త్రవేత్త పౌల్ బ్రాంట్ రేబర్గ్ క్రియాటినిన్‌ను కిడ్నీ వడపోతను అంచనా కట్టడానికి వాడాడు. వందేళ్లు దాటినా మన వీధి చివర ల్యాబుల్లో చాలాచోట్ల నడుస్తున్నది జాఫే పద్ధతే. చౌక, తేలిక, త్వరగా అయిపోతుంది. దాని బలం అదే.

బలహీనతలు కూడా అక్కడినుంచే మొదలవుతాయి. చెరువులో నీటి మట్టం చూసి తూము ఎంత బాగా పారుతున్నదో చెప్పాలంటే, వాగులోంచి లోపలికి ఎంత నీరు వస్తున్నదో ముందు తెలియాలి. రక్తంలో క్రియాటినిన్ మట్టం కూడా అలాంటిదే. లోపలికి వచ్చేది కండరాల నుంచి, బయటికి పోయేది కిడ్నీల ద్వారా. దిట్టమైన కండ ఉన్న పాతికేళ్ల కుర్రవాడికీ, ఎముకల గూడులా ఉన్న డెబ్బై ఏళ్ల ముసలమ్మకూ రోజుకు తయారయ్యే క్రియాటినిన్ ఒకటి కాదు. ఆమెకు తయారయ్యేదే తక్కువ కాబట్టి, కిడ్నీలు సగమే పనిచేస్తున్నా అంకె పరిధిలోనే నిలబడవచ్చు. దీనికి తోడు క్రియాటినిన్ వడపోత ద్వారానే కాక, నాళికల గోడల నుంచి కూడా కొంత మూత్రంలోకి విడుదలవుతుంది. వడపోత దెబ్బతింటున్నకొద్దీ ఈ రెండో దారి వాటా పెరుగుతుంది. అసలు దారి మూసుకుపోతున్న సంగతిని కొంతకాలం అది కప్పిపెడుతుంది.

లెక్కలో చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. క్రియాటినిన్ నుంచి వడపోతను అంచనా వేయడానికి ఇప్పుడు అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న 2021 సీకేడీ-ఎపీ సూత్రం తీసుకుందాం. 25 ఏళ్ల మగవాడి క్రియాటినిన్ 1.1 అయితే అంచనా వడపోత 96 వస్తుంది. అదే 1.1 ఒక 62 ఏళ్ల స్త్రీకి ఉంటే 57. పరిధి 1.2 దాకా అని అచ్చేసిన రిపోర్టులో ఇద్దరికీ ఒకే మాట: సాధారణం. ఒకరి కిడ్నీలు నిక్షేపంగా ఉన్నాయి, మరొకరివి మూడో దశ అంకెలోకి దిగిపోయాయి. ఆమెకు అయిదేళ్ల కిందట క్రియాటినిన్ 0.7 ఉండేదనుకుందాం. అప్పటి వడపోత 101. అయిదేళ్లలో 44 పాయింట్లు జారిపోయినా ఏ రిపోర్టులోనూ ఆ అంకె కింద గీత పడలేదు. క్రియాటినిన్, వడపోత ఒకదానికొకటి విలోమంగా నడుస్తాయి గనుక ఇలా జరుగుతుంది. వడపోత సగానికి పడితే క్రియాటినిన్ దాదాపు రెట్టింపవుతుంది. 0.6 రెట్టింపయితే 1.2 మాత్రమే, అంటే పరిధి దాటలేదు. కిడ్నీ ఎక్కువ భాగాన్ని పోగొట్టుకునే తొలి దశలో అంకె చిన్నచిన్న అడుగులు వేస్తుంది. పోవడానికి పెద్దగా ఏమీ మిగలని చివరి దశలో అంగలు వేస్తుంది. మనం జాగ్రత్తపడాల్సిన కాలమంతా ఆ చిన్న అడుగుల్లోనే గడిచిపోతుంది.

అందుకే 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు కెనడాలో 249 మంది రోగుల లెక్కలతో ఒక సూత్రం కట్టారు. 1999లో అమెరికాలో ఎండీఆర్‌డీ సూత్రం, 2009లో సీకేడీ-ఎపీ వచ్చాయి. నల్లజాతి వారికి వేరే గుణకం వాడే పద్ధతి అన్యాయమన్న విమర్శ తర్వాత 2021లో జాతి ప్రస్తావన లేని సూత్రం వచ్చింది. వీటన్నిటి ఉద్దేశం ఒకటే: వయసు, లింగం చూసి లోపలికి వచ్చే క్రియాటినిన్ ఎంతో ఊహించి, దాన్నిబట్టి వడపోతను అంచనా వేయడం. ఈ అంచనానే ఈజీఎఫ్‌ఆర్ అంటున్నాం. దాన్ని బట్టే దశలు: 90, ఆపైన మొదటిది, 60 నుంచి 89 రెండోది, 45 నుంచి 59 మూడు-ఏ, 30 నుంచి 44 మూడు-బీ, 15 నుంచి 29 నాలుగోది, 15 లోపు అయిదోది. మొదటి రెండు దశల్లో జబ్బు ఉందనడానికి మూత్రంలో ఆల్బుమిన్ వంటి మరో గుర్తు కావాలి. ఏ దశ అయినా, ఆ స్థితి కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. ఈజీఎఫ్‌ఆర్ కూడా క్రియాటినిన్ నుంచి పుట్టిందే కదా, మూలంలో లోపముంటే సూత్రం దాన్ని ఎలా దిద్దుతుంది? పూర్తిగా దిద్దదు. సూత్రానికి వయసు తెలుసు, లింగం తెలుసు. ఎదురుగా ఉన్న మనిషికి కండ ఎంతో తెలియదు. మన విషయంలో ఈ లోటు మరింత పెద్దది. పుణెకు చెందిన వైద్య పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏళ్లుగా చూపిస్తూ వచ్చినట్టు, భారతీయుల్లో అదే బరువున్న ఐరోపావాసి కన్నా కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. మాంసం, ప్రొటీన్ తిండి తక్కువగా ఉండేవాళ్లూ మనలో ఎక్కువే. దీని ఫలితం చండీగఢ్ పీజీఐ పరిశోధకులు 2018లో ప్రచురించిన పరిశీలనలో బయటపడింది. వడపోతను నేరుగా కొలిచి పోల్చినప్పుడు, క్రియాటినిన్ మీద ఆధారపడ్డ సూత్రాలు భారతీయుల వడపోతను ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపిస్తున్నాయి. మధుమేహం పాతబడినకొద్దీ కండ తరిగిపోవడం మామూలే. పుండు ముదిరి కాలు తీసేసిన వారిలో, నెలల తరబడి మంచాన పడ్డవారిలో ఆ తరుగుదల ఇంకా ఎక్కువ. అలాంటివారిలో క్రియాటినిన్ నిలకడగా ఉందంటే కిడ్నీ నిలకడగా ఉందని కాదు, కండ కూడా కిడ్నీతో పాటే తగ్గుతున్నదని కావచ్చు.

ఈ చిక్కుకు జవాబుగా వచ్చిందే సిస్టాటిన్-సి. కేంద్రకమున్న కణాలన్నీ తయారుచేసే చిన్న ప్రొటీన్ ఇది. గ్లోమెరులస్‌లోంచి తేలిగ్గా వడకట్టుకుపోతుంది, నాళికల్లో విచ్ఛిన్నమైపోతుంది. తిరిగి రక్తంలోకి రాదు. స్వీడన్‌లోని లుండ్‌లో ఆండర్స్ గ్రబ్ బృందం 1985లో దీన్ని వడపోత సూచికగా ప్రతిపాదించింది. కండతో, తిన్న మాంసంతో దీనికి పెద్దగా సంబంధం లేదు. అయితే ఇదీ మచ్చలేనిది కాదు. స్థూలకాయం, పొగతాగడం, ఒంట్లో వాపు ప్రక్రియ, థైరాయిడ్ తేడాలు, స్టెరాయిడ్ మందులు దీన్ని కదిలిస్తాయి. పొట్ట, బరువు ఎక్కువగా ఉండే మధుమేహుల్లో ఇది కిడ్నీ నష్టాన్ని కాస్త ఎక్కువ చేసి చూపవచ్చు. మరి దీన్ని నమ్మేదెలా? క్రియాటినిన్, సిస్టాటిన్-సి రెండింటి పొరపాట్లూ వేర్వేరు కారణాల వల్ల వచ్చేవి గనుక, రెండింటినీ కలిపిన సూత్రంలో అవి ఒకదానికొకటి కొంత సర్దుకుంటాయి. 2012లో వచ్చిన ఉమ్మడి సూత్రం విడివిడి సూత్రాలకన్నా అసలు వడపోతకు దగ్గరగా ఉందని తేలింది. అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శక సంస్థ కేడిగో 2024 సూచనల్లో కూడా, క్రియాటినిన్ మీద నమ్మకం కుదరనిచోట ఈ ఉమ్మడి అంచనా వాడమని చెప్పింది. సన్నబడిపోయిన వృద్ధులు, ఈజీఎఫ్‌ఆర్ 45కూ 60కీ మధ్య ఉండి మూత్రంలో ఆల్బుమిన్ లేనివారు, ప్రమాదకరమైన మందుల మోతాదు తేల్చాల్సినవారు దీనికి తగినవారు. అందరికీ ఏటా చేయించాలని ఎవరూ అనడం లేదు.

ఇంతవరకు చెప్పింది ఏ కిడ్నీ జబ్బుకైనా వర్తిస్తుంది. మధుమేహానికి మాత్రమే చెందిన మరో మెలిక ఉంది. రక్తంలో చక్కెర ఎక్కువైనప్పుడు కిడ్నీ నాళికలు దాన్ని తిరిగి పీల్చుకునే పనిలో దాంతోపాటు సోడియంను కూడా ఎక్కువగా లాక్కుంటాయి. నాళిక కింది భాగానికి చేరే సోడియం తగ్గుతుంది. ఒంట్లో రక్తం తక్కువై వడపోత పడిపోయిందేమోనని అక్కడి సంవేదక కణాలు పొరబడతాయి. అవి గ్లోమెరులస్‌లోకి వచ్చే రక్తనాళాన్ని వెడల్పు చేస్తాయి. లోపల ఒత్తిడి పెరిగి, వడపోత మామూలుకన్నా ఎక్కువవుతుంది. అంటే మధుమేహం తొలి సంవత్సరాల్లో కొందరి ఈజీఎఫ్‌ఆర్ 120, 130 దాకా ఉండవచ్చు, క్రియాటినిన్ ముచ్చటగా తక్కువ ఉండవచ్చు. చూసేవాళ్లకు అది ఆరోగ్యంగా తోస్తుంది. లోపల మాత్రం ఆ అధిక ఒత్తిడి వడపోత పొరలను నలిపేస్తూ ఉంటుంది. ఏళ్లు గడిచాక ఆ పొరల్లో వచ్చే గుండ్రటి గట్టిదనాలనే 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ మొదటిసారి వర్ణించారు. ఆ తొలి ఏళ్లలో వడపోత 125 నుంచి 95కు దిగినా రిపోర్టు మంచిగానే కనిపిస్తుంది. కాబట్టి మధుమేహంలో ఒక్క అంకెను పరిధితో పోల్చడం కన్నా, మన అంకెను మన పాత అంకెలతోనే పోల్చుకోవడం ఎన్నో రెట్లు మేలు.

నలిగిన పొరల సంగతిని రక్తం కన్నా ముందు మూత్రం చెబుతుంది. వడపోత పొర దెబ్బతింటే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కొద్దికొద్దిగా కారడం మొదలవుతుంది. డెన్మార్క్ వైద్యుడు మోగెన్సెన్ 1984లో చూపినట్టు, పెద్దవయసులో వచ్చే మధుమేహంలో ఈ కొద్దిపాటి ఆల్బుమిన్ రాబోయే కిడ్నీ జబ్బునూ, అకాల మరణాన్నీ కూడా ముందుగా సూచిస్తుంది. మూత్రంలో ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఆల్బుమిన్ ఉంటే మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే హెచ్చరిక. 300 దాటితే జబ్బు బలపడిందన్నమాట. ఈ నిష్పత్తినే ఏసీఆర్ అంటారు. మామూలు మూత్రపరీక్షలో ముంచి చూసే పట్టీకి ఈ మధ్యస్థాయి సాధారణంగా దొరకదు. అందులో ప్రొటీన్ నిల్ అని వచ్చిందంటే ఏసీఆర్ పరీక్ష అక్కర్లేదని కాదు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, బాగా వ్యాయామం చేసిన మరునాడు, బహిష్టు రోజుల్లో, చక్కెర విపరీతంగా ఉన్నప్పుడు ఆల్బుమిన్ తాత్కాలికంగా పెరగవచ్చు. అందుకే మూడు నుంచి ఆరు నెలల వ్యవధిలో మూడు పరీక్షల్లో రెండింటిలో ఎక్కువ వస్తేనే నిర్ధారణ.

అలాగైతే రక్తం వదిలేసి మూత్రమే చూస్తే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదని బ్రిటన్‌లోని యూకేపీడీఎస్ అధ్యయనం నేర్పింది. కొత్తగా టైప్ 2 మధుమేహం తేలినవారిని సగటున 15 ఏళ్ల పాటు గమనిస్తే, 38 శాతం మందికి ఆల్బుమిన్ కారడం, 29 శాతం మందికి కిడ్నీ పనితీరు తగ్గడం కనిపించాయి. అయితే పనితీరు తగ్గినవారిలో సగానికి పైగా మందికి అంతకుముందు ఆల్బుమిన్ కారిన దాఖలాయే లేదు. టైప్ 2 మధుమేహులు తరచు బీపీ, వయసు, రక్తనాళాల బిరుసుతనం కూడా మోస్తుంటారు. వడపోత తగ్గడానికి అవన్నీ దారులే. రెండు దారుల్లో ఒక్కదానికే కాపలా పెడితే రెండో దారిన జబ్బు వస్తుంది. టైప్ 2లో జబ్బు తేలిన రోజు నుంచే ఏటా రక్తంలో ఈజీఎఫ్‌ఆర్, మూత్రంలో ఏసీఆర్ రెండూ చూడమన్న నియమానికి కారణం ఇదే. టైప్ 2 మధుమేహం తేలేసరికే అది ఒంట్లో కొన్నేళ్లుగా ఉండి ఉంటుంది కాబట్టి, టైప్ 1లో లాగా అయిదేళ్లు ఆగే వెసులుబాటు లేదు.

రిపోర్టులో క్రియాటినిన్ పక్కనే ఉండే బ్లడ్ యూరియా గురించి కొద్దిగా. తిన్న ప్రొటీన్, ఒంట్లో నీరు తగ్గడం, కడుపులో రక్తస్రావం వంటివన్నీ యూరియాను పెంచుతాయి కాబట్టి వడపోతకు అది బలహీనమైన కొలత. అంతకన్నా గమనించదగ్గది చక్కెర అంకె. ఇన్సులిన్‌ను, కొన్ని షుగర్ మాత్రలను శరీరం నుంచి తొలగించడంలో కిడ్నీలకు పెద్ద పాత్ర ఉంది. కిడ్నీ చెడిపోయినకొద్దీ అవి ఒంట్లో ఎక్కువసేపు నిలిచి చక్కెర పడిపోవడం మొదలవుతుంది. తిండీ మందూ మారకుండానే షుగర్ తగ్గుతూ వస్తే, జబ్బు నయమవుతున్నదని సంతోషపడే ముందు క్రియాటినిన్ చూపించుకోవాలి. ముదిరిన కిడ్నీ జబ్బులో రక్తహీనత వల్ల హెచ్‌బీఏ1సీ కూడా ఉన్నదానికన్నా తక్కువ చూపవచ్చు. రెండూ కలిసి మంచి రోజులొచ్చినట్టు భ్రమ కలిగిస్తాయి.

మరో ఆక్షేపణ వైద్యుల నుంచే వస్తుంది. నలభై దాటాక వడపోత ఏడాదికి దాదాపు ఒక పాయింటు చొప్పున దానంతటదే తగ్గుతుంది. ఈజీఎఫ్‌ఆర్‌ను అచ్చేసి పంచితే నిక్షేపంగా ఉన్న పెద్దవాళ్లను కూడా రోగులని ముద్ర వేసినట్టు కాదా? ఈ భయంలో నిజముంది. 80 ఏళ్ల మనిషికి ఈజీఎఫ్‌ఆర్ 55 ఉండి, మూత్రం శుభ్రంగా ఉండి, ఏళ్ల తరబడి అంకె కదలకుండా ఉంటే, దాన్ని చూసి బెంగపడాల్సిన పని తక్కువ. కానీ ఆ మనిషి దగ్గర బెంగ అక్కర్లేదని చెప్పగలుగుతున్నది కూడా ఈ లెక్కల వల్లనే: ఆల్బుమిన్ లేదు, జారుడు లేదు. ఏడాదికి అయిదు పాయింట్లకు మించి వరసగా పడిపోతుంటే అది వయసు పని కాదు. ముద్రపడుతుందన్న భయానికి విరుగుడు కొలతలు దాచడం కాదు, వాటిని కలిపి చదవడం.

అంకెలు ఊగుతాయి కాబట్టి వాటిని పట్టుకుని కూర్చోలేమన్నది తర్వాతి మాట. ఊగడం నిజమే. ముందురోజు రాత్రి దండిగా మాంసం తింటే క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది, ఎందుకంటే వండినప్పుడు మాంసంలోని క్రియాటిన్ క్రియాటినిన్‌గా మారుతుంది. విరేచనాలై ఒంట్లో నీరు తగ్గితే పెరుగుతుంది. ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్ నాళికల దారిని అడ్డుకుని అంకెను పెంచుతుంది. షుగర్ రోగులకు కొలెస్ట్రాల్ కోసం తరచు రాసే ఫెనోఫైబ్రేట్ కూడా క్రియాటినిన్‌ను పెంచుతుంది, మానేస్తే అది మళ్లీ దిగుతుంది. షుగర్ విపరీతమై కీటోన్లు పేరుకున్న స్థితిలో జాఫే పద్ధతి కీటోన్లను కూడా క్రియాటినిన్‌గా లెక్కగట్టి ఎక్కువ చూపవచ్చు. 0.9 నుంచి 1.0కు మారడం ల్యాబు తేడా కూడా కావచ్చు. ఇవన్నీ ఒక్క అంకెను నమ్మొద్దనడానికి కారణాలు. వరుసను నమ్మొద్దనడానికి కాదు. వీలైనంతవరకు ఒకే ల్యాబులో, ఒంట్లో బాగున్న రోజున చేయించిన నాలుగైదేళ్ల వరుసలో ఈ చిన్న ఊపులు సద్దుమణిగి, అసలు వాలు బయటపడుతుంది. పాత రిపోర్టులు పారేయకుండా దాచుకోవడం ఖర్చులేని వైద్యం.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న: ముందే తెలిసి చేసేదేముంది, ఊరికే దిగులు తప్ప? పాతికేళ్ల కిందట ఈ ప్రశ్నకు జవాబు పలచగా ఉండేది. 2001లో వచ్చిన రెనాల్, ఐడీఎన్‌టీ అనే ఔషధ పరీక్షలు లోసార్టాన్, ఇర్బెసార్టాన్ అనే బీపీ మందులు మధుమేహ కిడ్నీ జబ్బు వేగాన్ని తగ్గిస్తాయని నిరూపించాయి. రెనాల్‌లో డయాలసిస్ దశకు చేరే ముప్పు 28 శాతం తగ్గింది. 2019లో క్రీడెన్స్ పరీక్షలో కెనాగ్లిఫ్లోజిన్ కిడ్నీ విఫలమవడం వంటి తీవ్ర పరిణామాలను 30 శాతం తగ్గించింది. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ 39 శాతం తగ్గించింది. అదే ఏడాది ఫినరెనోన్, 2024లో సెమాగ్లూటైడ్ ఈ వరుసలో చేరాయి. కెనాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటి గ్లిఫ్లోజిన్లు పనిచేసేది మనం ముందు చెప్పుకున్న మెలిక మీదనే: నాళికలు చక్కెరను, సోడియంను అతిగా లాక్కోవడాన్ని ఆపి, గ్లోమెరులస్‌లో ఒత్తిడి దించుతాయి. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో, అదే కోవకు చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025లో ముగియడంతో జనరిక్ మాత్రలు వచ్చి ధరలు బాగా దిగాయి. ఈ మందులు మిగిలి ఉన్న వడపోతను కాపాడతాయి, పోయినదాన్ని తేలేవు. ఎంత ముందు మొదలైతే అంత ఎక్కువ మిగులుతుంది. ఆలస్యంగా పలికే సూచికకు మనం చెల్లిస్తున్న మూల్యం ఇక్కడ తెలుస్తుంది.

ఈ మందుల విషయంలోనే క్రియాటినిన్‌ను విడిగా చదవడం ఇంకో రకంగా కూడా హాని చేస్తుంది. గ్లోమెరులస్‌లో ఒత్తిడి దిగగానే వడపోత మొదటి వారాల్లో కొద్దిగా తగ్గుతుంది, క్రియాటినిన్ కొద్దిగా పెరుగుతుంది. మందు వల్ల కిడ్నీ చెడుతున్నదని భయపడి మానేసేవాళ్లున్నారు. నిజానికి పెరుగుదల 30 శాతం లోపు ఉండి నిలకడపడితే అది మందు పనిచేస్తున్న గుర్తు. మానకుండా కొనసాగించినవారిలోనే తర్వాతి ఏళ్ల వాలు నెమ్మదించింది. 30 శాతం దాటితే మాత్రం నీరు తగ్గిందా, కిడ్నీ రక్తనాళాల్లో అడ్డు ఉందా అని వెతకాలి. మొదట్లో తక్కువ క్రియాటినిన్ చెడుకు గుర్తు, ఇప్పుడు కొద్దిగా పెరిగిన క్రియాటినిన్ మంచికి గుర్తు! సందర్భం తెలియనిదే ఆ అంకెకు అర్థం లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా ఈజీఎఫ్‌ఆర్‌ను బట్టే: 45 కంటే తగ్గితే మోతాదు తగ్గించాలి, 30 కంటే తగ్గితే ఆపాలి.

ఇంతకన్నా మెరుగైన సూచికలు రావా? వస్తున్నాయి. బోస్టన్‌లోని జోస్లిన్ మధుమేహ కేంద్రం పరిశోధకులు 2012లో, రక్తంలో టీఎన్‌ఎఫ్ గ్రాహకాలు అనే ప్రొటీన్లు ఎక్కువగా ఉన్న టైప్ 2 మధుమేహులు కిడ్నీ వైఫల్యం వైపు వేగంగా వెళ్తున్నారని చూపారు. నాళికల గాయాన్ని చూపే కిమ్-1 వంటివాటిని వీటితో కలిపి ముప్పును అంచనా వేసే పరీక్షకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో అనుమతి కూడా ఇచ్చింది. వడపోత ఎంత ఉందో చెప్పే కొలత నుంచి అది ఎంత వేగంగా పోబోతున్నదో చెప్పే కొలత వైపు శాస్త్రం నడుస్తున్నది. ఇది మంచి పరిణామమే. అయితే ముందుగా పసిగట్టినంత మాత్రాన ముందుగా ఆపగలమని హామీ లేదు. మూత్రంలోని పెప్టైడ్ల ఆధారంగా ముప్పున్నవారిని ఎంచి స్పైరనోలాక్టోన్ ఇచ్చి చూసిన ప్రయారిటీ పరీక్షలో ముప్పు అంచనా సరిపోయింది గానీ, మందు ఆల్బుమిన్ రాకను ఆపలేకపోయింది. పైగా ఖరీదైన కొత్త సూచికల కోసం ఎదురుచూస్తూ చేతిలో ఉన్న చౌక లెక్కలను వాడకపోవడం ఏ రకంగానూ సమర్థించుకోలేం.

తెలుగునాట కిడ్నీ జబ్బు అనగానే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తుకొస్తుంది. అక్కడి జబ్బుకు మూలం మధుమేహం కాదు. అందులో మూత్రంలో ప్రొటీన్ తరచు చాలా తక్కువ, దెబ్బ ముందుగా నాళికల చుట్టూ పడుతుంది. అలాంటి ప్రాంతంలో షుగర్ కూడా ఉన్న మనిషికి ఈజీఎఫ్‌ఆర్ తగ్గితే రెండింటిలో ఏది కారణమో క్రియాటినిన్ ఒక్కటే చెప్పలేదు. ఏసీఆర్, కంటి రెటీనా పరీక్ష, షుగర్ వయసు కలిపి చూస్తేనే దారి దొరుకుతుంది. ఎక్కువ ఆల్బుమిన్, రెటీనాలో మధుమేహ మచ్చలు ఉంటే షుగర్ వైపు మొగ్గు. రెండూ లేకుండా వడపోత తగ్గితే వేరే కారణం వెతకాలి.

చివరికి ఖర్చు సంగతి. ఈజీఎఫ్‌ఆర్‌కు అదనంగా ఒక్క చుక్క రక్తం అక్కర్లేదు, ఒక్క రూపాయి అక్కర్లేదు. వయసు, ఆడా మగా అన్నది ల్యాబ్ కంప్యూటరులో ఇప్పటికే ఉన్నాయి. క్రియాటినిన్ అచ్చయ్యే ప్రతి రిపోర్టులోనూ దాని కిందే ఈజీఎఫ్‌ఆర్ అచ్చవ్వాలన్నది చిన్న కోరిక, చేయదగ్గ కోరిక. చాలా దేశాల్లో ల్యాబులు ఈ పని ఏనాడో మొదలుపెట్టాయి. ఏసీఆర్‌కు కొంత ఖర్చవుతుంది, నిజమే. ఏడాదికోసారి అయ్యే ఆ ఖర్చును వారానికి రెండుమూడుసార్లు, జీవితాంతం సాగే డయాలసిస్‌తో పోల్చాలి. డయాలసిస్ ఖర్చును ఆరోగ్యశ్రీ, 2016లో మొదలైన జాతీయ డయాలసిస్ పథకం భరిస్తున్నా, రానుపోను ప్రయాణాలు, పోయిన కూలి, ఇంట్లో ఇంకొకరి రోజు ఏ పథకమూ భరించదు. సిస్టాటిన్-సి చిన్న ఊళ్లలో దొరకడం ఇంకా కష్టమే. అది అవసరమయ్యేది కూడా కొందరికే కాబట్టి జిల్లా ఆసుపత్రి స్థాయిలో అందుబాటులో ఉంటే చాలు. షుగర్ ఉన్న ప్రతి మనిషీ, వారి ఇంటివాళ్లూ వైద్యుణ్ని అడగాల్సిన ప్రశ్నలు మూడు: నా ఈజీఎఫ్‌ఆర్ ఎంత, నిరుటికన్నా ఎంత మారింది, మూత్రంలో ఆల్బుమిన్ చూశారా? క్రియాటినిన్ బాగానే ఉందన్న మాట ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు కాదు.